రెండో గీత

పొద్దున పూట గట్టయ్య ఇంట్లోంచి వేరే మనిషెవడో బయటికి వస్తున్నాడని ధనలక్ష్మి నల్లా దగ్గర చెప్పిందట. కళ్ళు పూడిపోయి, చెంపలు ఉబ్బి, మెడకూ గదవకూ తేడా తెలియని మనిషట. గట్టయ్య లుంగీ కట్టుకొని, గట్టయ్య చెప్పులు తొడుక్కొని, గట్టయ్య అరుగు మీదనే కూర్చొని పళ్ళు తోముకుంటాడట. మాపటికి మాత్రం అదే తోవన గట్టయ్య తిరిగి వస్తాడట, తన మొఖంతో తాను. "పొద్దుగాల పోయేటోడెవడో, మాపటికి వచ్చేటోడెవడో ఆ సరోజననే అడగాలె," అని బిందె నడుముకెత్తుకొని పోయిందట.

ఆ మాట మూడు నోళ్ళు మారి సరోజనకు చేరింది. ఆమె పొయ్యి ముందు కూర్చొని రొట్టె తిరగేస్తూ మొగుడికి వినపడేలా చెప్పింది.

"ఇద్దరు మొగుళ్ళట నాకు! ఈ ఒక్కనితోనే యాష్టకొస్తుంటే."

గట్టయ్య ఇంటి వెనక గోడకు ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో తెల్లటి ప్లాస్టిక్ క్యాన్ పట్టుకొని నిలబడి ఉన్నాడు. చాలాసేపటి నుంచి అట్లాగే ఉన్నాడు. వచ్చింది చాయ్ గ్లాసుకు సగం కూడా లేదు. రంగు కూడా పాలు పోయని చాయ్ రంగే. పైన నురగ. సబ్బు నురగైతే కాసేపటికి ఆరిపోతుంది. ఇది ఆరదు. నిన్న రాత్రిది కూడా కప్ప గుడ్ల మాదిరిగా క్యాన్ గోడలకు అంటుకొని అట్లాగే ఉంది.

క్యాన్ గోడ మీద పైకి వరుసగా గీతలున్నాయి. వంగి చూశాడు. మొదటి గీత ఇంకా బెత్తెడు పైన ఉంది.

నిన్న సాయంత్రం సూర్యాపేటలోని ఒక ప్రైవేటు దవాఖానలో, ల్యాబ్ కిటికీ లోపల కూర్చునే కృపారాణి ఈ క్యాన్ చేతికిచ్చి చెప్పింది. "ఇయ్యాల సాయంత్రం ఆరు నుంచి రేపు సాయంత్రం ఆరు దాక. ప్రతి చుక్క దీంట్లనే. ఏడ ఉన్నా, ఎవలున్నా. ఒక్కసారి బయట పోసినా పరీక్ష కరాబైతది, ఇన్నవా?"

అంతకుముందు డాక్టరు కాగితం మీద చిక్కుడు గింజల్లాంటివి రెండు గీసి చూపించాడు. గుర్దాలు, అంటే మూత్రపిండాలు. వాటి లోపల కంటికి కనపడనంత సన్నటి జల్లెళ్ళు లక్షల్లో ఉంటాయన్నాడు. అవి వాచాయన్నాడు. వాచిన జల్లెడ తలకిందులుగా పనిచేస్తుందట. ఒంట్లో ఆపుకోవలసిన నెత్తురునూ బలాన్నీ బయటికి వదిలేస్తుందట, వదలవలసిన నీళ్ళనూ విషాన్నీ లోపలే ఆపేస్తుందట. ఆ నీళ్ళే పడుకున్నప్పుడు మొఖంలోకి వస్తాయట, నిలబడి తిరిగితే కాళ్ళలోకి దిగుతాయట.

"ఏం పురుగు వట్టింది సారూ?" అని అడిగాడు గట్టయ్య.

"పురుగు కాదయ్యా. వానాకాలంలో కాలికి ముల్లు గుచ్చుకొని పుండైందన్నావు కదా. దాన్ని తరమడానికి నీ ఒంట్లోనే ఒక కాపలా లేచింది. పుండు మానింది, కాపలా ఆగలేదు. నీ గుర్దాల మీదే పడింది."

డాక్టరు ఇంకా ఏదో చెబుతున్నాడు గానీ గట్టయ్య వినలేదు. ఆయనకు అర్థమైపోయింది. చిన్నప్పుడు తండ్రి మందకు ఒక కుక్క ఉండేది. ఆరేళ్ళు కాపలా కాసింది, తోడేలునొకసారి తరిమింది. ఒకనాడు తెల్లవారేసరికి మందలో పదకొండు గొర్రెపిల్లలు చచ్చి పడి ఉన్నాయి. ఒక్క అరుపు వినపడలేదు ఎవరికీ. వాటి నడుమ ఆ కుక్క పడుకొని, వీళ్ళను చూసి తోక ఊపింది.

"నొప్పి లేదు గద సారూ," అన్నాడు చివరికి.

"ఉండదు. అందుకే ఇంత ముదరబెట్టుకున్నావు. ఇవాళే చేరు."

"రేపు అంగడున్నది."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఉప్పు ముట్టుకోకు. నీళ్ళు రోజంతా ఒక్క సీసా, అంతే. రేపు సాయంత్రానికి ఈ క్యాన్‌లో రెండో గీత దాటితే మందులతో చూద్దాం. దాటకపోతే మిషన్ మీద పెట్టవలసిందే."

మిషన్ అంటే గట్టయ్యకు హన్మా. వాళ్ళ వాడకట్టులో ఉండేవాడు. వారానికి మూడు రోజులు సూర్యాపేటకు పోయి నెత్తురు కడిగించుకునేవాడు. అందుకోసం చేతి నరం కోసి కలిపారు. అది ముంజేతి మీద తాడంత లావైంది. "ముట్టి సూడు గట్టన్నా," అని ఒకసారి హన్మా చెయ్యి చాపాడు. గట్టయ్య వేళ్ళు పెట్టి చప్పున తీసేశాడు. చర్మం కింద తేనెతుట్టె కదిలినట్టు బుర్రుమంది. నలభై ఏళ్ళుగా ఎన్ని వేల జీవాల మీద చెయ్యేశాడో ఆయనకే తెలియదు. బతికున్న ఒంట్లో అటువంటి కదలిక ఆ వేళ్ళు ఎన్నడూ ఎరగవు. ఏడాదిన్నర తర్వాత హన్మా పోయాడు. శవం పక్కన కూర్చున్నప్పుడు గట్టయ్య ఎవరూ చూడకుండా ఆ ముంజేతిని మళ్ళీ ఒకసారి ముట్టి చూశాడు. అది ఆగిపోయిందని నిశ్చయం చేసుకొని గానీ లేవలేదు.

క్యాన్ మూత బిగించి యూరియా సంచిలో పెట్టుకున్నాడు. దొడ్లో కట్టేసిన రెండు గొర్రెలు ఆయన దగ్గరికి రాగానే తాడు తెగేంత దూరం జరిగాయి. పది రోజుల నుంచి ఇదే వరస. ఆయన ఊపిరిలో ఏదో వాసన ఉంది. సరోజన పక్క దూరంగా వేసుకుంటుంది గానీ ఆ సంగతి ఎత్తదు.

రొట్టె, సప్పిడి పప్పు. నాలుక మీద మట్టి పెట్టుకున్నట్టుంది.

"ఉప్పు ఏడ పెట్టినవే?"

"దాసిపెట్టిన. దేవులాడకు." ఆమె గ్లాసుతో గుక్కెడు నీళ్ళు ముందు పెట్టింది. "అంగడిల చెయ్యేసుడు ఒక్కనాడు బందు పెడితే ఏమైతది? గొర్లు ఊకుంటయి, మటన్ సేటు ఊకుంటడు."

"పోకపోతే ఎందుకు రాలేదంటరు. రోగమని తెలిస్తే రోగపు చెయ్యి మా జీవాల మీద వెయ్యకంటరు. ఒక్కపారి ఆ మాట లేస్తే ఇగ ఖతం." సంచి భుజానికి తగిలించుకున్నాడు. "నువ్వు అయిదింటికల్లా బస్సుల దవాఖానకు వచ్చి కూసో. నేను సేటు బండిల వస్త."

"గీత దాటకపోతే?"

"దాటుతది."

*

తిరుమలగిరి అంగడిలో గట్టయ్యకు దుకాణం లేదు, మంద లేదు, చేతిలో సంచీ తప్ప ఏమీ లేదు. ఉన్నదల్లా కుడి చెయ్యి. నాలుగు వేళ్ళు గొర్రె నడుము మీద, బొటనవేలు పక్కటెముకల కింద పెట్టి, కళ్ళు మూసుకుంటాడు. ఒకసారి నొక్కి వదులుతాడు. "పద్దెనిమిది కిలోల కూర," అంటాడు. కోసి తూస్తే అటో ఇటో పావుకిలో తేడా. కోదాడలో మటన్ దుకాణం నడిపే ధనుంజయ్ ఆ చెయ్యి లేకుండా ఈ అంగడిలో ఒక్క పొట్టేలును కొనడు. ఆయన సరుకు మిర్యాలగూడ హోటళ్ళకు కూడా పోతుంది. గట్టయ్య మంద ఆరేళ్ళ కిందట హైవే మీద లారీ కింద పోయింది. దాని తర్వాత ఇక ఈ చెయ్యే మిగిలింది. అదే బతికించింది. అదే కూతురు అరుణను మాడుగులపల్లిలో ఇచ్చి పెండ్లి చేసింది.

"ఏందయ్యా గట్టయ్యా, బాగా ఒళ్ళు చేశావే!" అన్నాడు ధనుంజయ్, బండి దిగుతూనే. "సరోజన మేపుతుందా, దొంగతనంగా నా సరుకే తింటున్నావా?"

"నీ సరుకు నీళ్ళ సరుకు సేటూ, అది తింటే ఒళ్ళెట్ల అయితది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గట్టయ్య కూడా నవ్వాడు. లావెక్కాడనుకోవడం ఆయనకు మేలే అయింది. రోగం ఎవరి కంటా పడకుండా అదే కాపాడుతోంది.

నాలుగో మందలో సంజీవ్ అమ్మకానికి తెచ్చిన పొట్టేళ్ళు నిలబడి ఉన్నాయి. పొట్టలు ఇటూ అటూ తోసుకొచ్చి నిగనిగలాడుతున్నాయి. గట్టయ్య ఒకదాని డొక్క మీద చెయ్యేసి, చెవి ఆనించాడు. లోపల బుడబుడమంది.

"తూకం పెరగాలని ఉప్పెప్పుడు పెట్టినవ్‌రా?"

"అయ్యో మామా, ఒట్టు..."

"ఉప్పెప్పుడు పెట్టినవ్?"

సంజీవ్ తల గోక్కున్నాడు. "పొద్దుగాల. దోసెడు దోసెడు."

"నీళ్ళు?"

"అవి తాగినన్ని తాగినయ్. నేను వద్దంటె ఇంటయా? నువ్వు గూడ ఉప్పు దిన్నట్టే ఉన్నవ్ మామా, నిన్ను తూస్తే నా పొట్టేళ్ళ కంటె ఎక్కువ ధర పలుకుతవ్."

మళ్ళీ నవ్వులు. అప్పుడే ఆ పొట్టేలు వెనక కాళ్ళు ఎడంగా పెట్టి ఒంటేలు పోసింది. ఆగకుండా, ధారగా, బావి నీళ్ళంత తేటగా. దుమ్ములో గుంట పడి, గుంట నిండి, పక్కకు పారింది. గట్టయ్య ఆ ధారను ఆకలైనవాడు విస్తరిని చూసినట్టు చూశాడు. అది ఆగిపోయేదాకా కన్ను తిప్పలేదు.

క్యాన్‌లో మామూలు నీళ్ళు కలపవచ్చునన్న ఆలోచన ఆయనకు పొద్దున వచ్చింది. వెంటనే సిగ్గేసింది. జీవితమంతా కల్తీని చేత్తో పట్టినవాడు తానే కల్తీ చెయ్యడమా? ఇది అట్లా కాదు. ఒంటేలు బిగిసిన జీవానికి తండ్రి చేసిన వైద్యమే ఇది. దోసెడు ఉప్పు, బకిట్ నీళ్ళు, గంట సేపు తిప్పడం. వేలాడిపోయిన జీవం నిలబడేది. తాగకుండా పోయడం ఎట్లాగో ఆ డాక్టరు చెప్పలేదు. తాగద్దన్నాడు, పోసి తెమ్మన్నాడు. అది ఏ లోకపు లెక్క?

"సంజీవూ, గా ఉప్పు సంచి ఇటియ్యి."

"ఏమిటికి?"

"ఇంట్ల జీవాలకు."

బండ్ల వెనక ఎవరూ లేరు. దొడ్డుప్పు గుప్పిట్లో పోసుకొని నోట్లో వేసుకున్నాడు. నిన్న రాత్రి నుంచి సప్పిడి తిన్న నాలుక ఒక్కసారి లేచి నిలబడింది. నమిలాడు. ఇంకో గుప్పెడు. తర్వాత తొట్టి దగ్గర నల్లా కింద మొఖం పెట్టి తాగాడు. ఆగి ఊపిరి తీసుకొని మళ్ళీ తాగాడు. జీవాలు అదే తొట్టిలో మూతులు పెట్టి తాగుతున్నాయి. ఆయన్ను చూసి అవి పక్కకు జరగలేదు. పది రోజుల్లో అదే మొదటిసారి.

గంట తిరిగాడు. గోడ వెనక్కి పోయి క్యాన్ పట్టుకొని నిలబడ్డాడు. నాలుగు చుక్కలు పడ్డాయి. మళ్ళీ తొట్టి దగ్గరికి పోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మొఖం మామూలుగానే ఉంది. ముక్కు, కళ్ళు, చెంపల మీది ముడతలు, అన్నీ గట్టయ్యవే. కింద మాత్రం చెప్పు పట్టీలు కనపడడం లేదు. అవి మాంసంలో మునిగిపోయాయి. బండి నీడన కూర్చొని, లుంగీ పైకి లాగి, గొర్రెను నొక్కినట్టు బొటనవేలితో తన కాలి ఎముక మీద నొక్కాడు. వేలు తీశాడు. గుంట పడింది. అవతల ఇద్దరు మనుషులు ఒక మేక కోసం బేరం మొదలుపెట్టారు, తిట్టుకున్నారు, కుదుర్చుకున్నారు, మేకను తోలుకొని పోయారు. గుంట అట్లాగే ఉంది.

తాగిన నీళ్ళు లోపలికైతే పోయాయి. ఎటు పోయాయో తెలియదు. ఎవరో లోపల కూర్చొని ఆయన తాగింది తాగినట్టు దాచుకుంటున్నారు.

"గట్టయ్యా, ఇది చూడు," ధనుంజయ్ పిలిచాడు.

లేచి, నడుము మీద వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళకు ఏమీ చెప్పబుద్ధి కాలేదు. మెత్తగా, చల్లగా, అడుగు లేకుండా ఉంది.

"నీళ్ళు," అన్నాడు.

"ఇది?"

"నీళ్ళే."

"ఈ మేక?"

"గిది గూడ."

ధనుంజయ్ నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏందయ్యా, అంగడి మొత్తం నీళ్ళేనా? పొద్దున్నే ఎక్కించావా ఏంటి?" నవ్వబోయి, ఆయన మొఖం చూసి ఆగాడు. "ఆయాసపడుతున్నావు. ఒంట్లో బాలేదా?"

"మంచిగనే ఉన్న సేటూ. ఎండ. సూర్యాపేటల దించు జర."

"ఆ సంచిలో ఏంటి?"

"గొర్లకు దవాయి."

*

నాలుగు దాటాక బండి కదిలింది. వెనక ట్రాలీలో ముప్పై జీవాలు. గట్టయ్య ముందు సీట్లో కూర్చొని, సంచిని రెండు పాదాల నడుమ నిలబెట్టుకున్నాడు. వెనక్కి ఆనుకుంటే ఊపిరి అందడం లేదు. ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. ఎదలో ఏదో చప్పుడవుతోంది. పొద్దున పొట్టేలు డొక్కకు చెవి ఆనిస్తే వినపడిన చప్పుడే అది. ఇప్పుడు చెవి ఆనించవలసిన అవసరం లేదు.

వెనక జీవాలు ఒక్కటీ అరవడం లేదు. ఇన్నేళ్ళలో అరవని బండి ఎక్కలేదు ఆయన. పక్క అద్దంలో చూశాడు. అన్నీ తలలు ఇటే తిప్పి నిలబడి ఉన్నాయి.

"సేటూ, ఒక్కపారి ఆపు. ఒంటేలుకు."

తుమ్మ చెట్ల పక్కన సంచి తీసుకొని దిగాడు. క్యాన్ మూత తీసి పట్టుకొని నిలబడ్డాడు. పత్తి చేన్ల మీద నుంచి గాలి వస్తోంది. ఎంతసేపు నిలబడ్డా ఒక్క చుక్క పడలేదు. దాహం మాత్రం మళ్ళీ మొదలైంది. ధనుంజయ్ హారన్ కొట్టాడు. ఎక్కేటప్పుడు మెట్టు మీద కాలు పెట్టి రెండుసార్లు ఆగవలసి వచ్చింది.

"కిటికీ గ్లాసు దించు సేటూ."

"దించే ఉందయ్యా."

కొంత దూరం పోయాక గట్టయ్య అడిగాడు. ఒక్కొక్క మాటకూ ఆగి ఊపిరి తీసుకున్నాడు. "వాచిన గుర్దాలు... ఎన్నడన్న సూసినవా? కోసినప్పుడు?"

"చూడకేం. అప్పుడప్పుడు తగులుతాయి. తెల్లగా, పెద్దగా ఉంటాయి."

"ఏం జేస్తవ్?"

"ఏం చేస్తాం, కుక్కలకేస్తాం."

"దానికి తెలుస్తదంటవా? లోపల గట్లున్నదని?"

"గొర్రె చెప్పుద్దా ఏంది?" అన్నాడు ధనుంజయ్, ముందు పోతున్న లారీని దాటేస్తూ.

గట్టయ్య తల ఊపాడు. సంచిలోకి చెయ్యి పెట్టి, క్యాన్ గోడ మీద వేలితో తడుముతూ గీతలు వెతుక్కున్నాడు. వేళ్ళకు ఇదొక్కటి ఇంకా తెలుస్తోంది. చల్లటి గోడ ఎక్కడ వెచ్చగా మారుతుందో అక్కడిదాకా ఉంది. మొదటి గీతకు చిటికెన వేలంత కింద. రెండోది ఎక్కడో పైన. టైమెంతని అడిగాడు. అయిదూ పది అన్నాడు ధనుంజయ్.

"ఇంక ఉన్నది," అన్నాడు గట్టయ్య.

ఆ తర్వాత మాట్లాడలేదు. తల నెమ్మదిగా ముందుకు వంగి డాష్‌బోర్డుకు ఆనింది. నిద్రపోయాడనుకున్నాడు ధనుంజయ్. హైవే వంతెన కింద నుంచి ఊళ్ళోకి తిప్పుతుంటే వెనక జీవాలు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. ముప్పైకి ముప్పై. ఆ గోలకు కూడా గట్టయ్య తల ఎత్తలేదు.

గట్టయ్య దించమన్నది దవాఖానకని ధనుంజయ్‌కు అప్పుడు తట్టింది. సంచి నుంచి బయటికొచ్చిన క్యాన్ మీద కాగితం అంటించి ఉంది. దవాఖాన పేరు, గట్టయ్య పేరు. గేటు ముందు బండి ఆపి భుజం పట్టి లేపబోయాడు. పెదవుల చివర సన్నగా, ఎర్రటి నురగ. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయారు. పరదా వెనక కొంతసేపు హడావుడి జరిగింది. తర్వాత చిన్న డాక్టరు బయటికొచ్చి ఊపిరితిత్తుల నిండా నీళ్ళేనని చెప్పాడు. తోవలోనే పోయాడని చెప్పాడు. ఇంటివాళ్ళెవరని అడిగాడు.

క్యాన్ బండిలోనే నిలబడి ఉంది. ఆయన రెండు పాదాల నడుమ అంత దూరం వచ్చి ఒక్క చుక్క ఒలకలేదు. దాన్ని ఎందుకు చేతిలోకి తీసుకున్నాడో ధనుంజయ్‌కే తెలియదు. దాన్ని పట్టుకొని, కాగితం మీద ల్యాబ్ అని రాసి ఉంటే, అటు నడిచాడు.

ల్యాబ్ కిటికీ ముందు బెంచీ మీద సరోజన కూర్చొని ఉంది. ఒళ్ళో టిఫిన్ డబ్బా. ఆయన్ను చూసింది. ఆయన చేతిలోని క్యాన్‌ను చూసింది. ఆయన వెనక ఖాళీగా ఉన్న వరండాను చాలాసేపు చూసింది.

సరోజన లేచింది. క్యాన్ అందుకొని, కొంగుతో దాని అడుగు తుడిచి, కిటికీలోంచి లోపలికి పెట్టింది.

"అమ్మా, జర సూడు. సరిపోతదా?"

కృపారాణి వేరే కాగితాలు రాసుకుంటోంది. రాయడం ఆపి, క్యాన్‌ను ట్యూబ్‌లైట్ వెలుగుకు ఎత్తి పట్టింది. గోడ గడియారం వైపు చూసింది. మూత బిగించి వెనక్కి నెట్టింది.

"ఏం సరిపోతది? రెండో గీత సంగతి ఇడిసిపెట్టు, మొదటిదే దాటలే. ఆరుకు ఇంక పావుగంట ఉన్నది. ఆయనేడి? ఇంకొక్కపారి పోయి పోసుకొని రమ్మను."